లేని నదికి వంతెన

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈరోజు పేపర్లో నా బొమ్మ పడింది. మొదటి పేజీలో, పైన. మూల కోసేశారు.

బొమ్మ పడిందని సంతోషించాలో, మూల పోయిందని ఏడవాలో తేలక వరసగా రెండు కాఫీలు తాగాను. కింద కుడి మూలలో తెల్లరంగుతో, నా చేత్తో, 'ఊహాచిత్రం' అని రాశాను. ఈ నక్షత్రాల సంస్థలో ఆర్టిస్టుగా చేరినప్పటి నుంచి ఏ గ్రహం బొమ్మ వేసినా ఆ మాట రాయకుండా కుంచె కడగలేదు. షాపు బోర్డుకి అడ్రసు ఎలాగో, మా బొమ్మలకి అది అలాగ. అది తీసేస్తే చూసేవాడికి ఫోటో అనిపిస్తుంది. అనిపించింది కూడా. బొమ్మ నెత్తిన అరచెయ్యంత అక్షరాలతో హెడ్డింగు: 'మరో భూమి దొరికింది.'

దొరకలేదు. మా పిట్టకి దొరికింది ఒక నక్షత్రం వెలుగులో చిన్న తగ్గుదల. పిట్ట అంటే మా అక్క కూతురు. మా సంస్థలోనే పైఅంతస్తులో శాస్త్రవేత్త. చిన్నప్పుడు కంచం బయట పడ్డ మెతుకులు ఏరుకుని తినేది కాబట్టి పిట్ట. ఇప్పుడా పేరుతో పిలిచే హక్కు నా ఒక్కడికే ఉంది, అదీ భోజనాల వేళ మాత్రమే. ఎక్కడో ఒక ఎర్ర నక్షత్రం. దాని ముందునుంచి ఏదో దాటినప్పుడల్లా వెలుగు పిసరంత తగ్గుతోంది, మళ్ళీ మామూలవుతోంది. ట్యూబులైటు ముందునుంచి దోమ వెళ్ళినట్టు. ఆ తగ్గుదలని బట్టి దోమ ఎంత లావో, ఎన్నాళ్ళకోసారి చుట్టు తిరిగొస్తోందో పిట్ట లెక్క కట్టింది. నక్షత్రానికి మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు. నీళ్ళంటూ ఉంటే గడ్డకట్టకుండా, ఆవిరైపోకుండా ఉండగలిగిన దూరం. నీళ్ళున్నాయని కాదు. ఉంటే.

ఆ 'ఉంటే'ని కూడా మూలతో పాటే కోసేశారు.

ఫిబ్రవరి 4, బుధవారం

గడ్డానికి సెలూన్‌కి వెళ్ళాను. అద్దం పక్కన నా బొమ్మ అంటించి ఉంది.

"అన్నా, ఇది నువ్వు తీసిందేనటగా," అన్నాడు సెలూన్ అతను.

"తీసింది కాదు, వేసింది."

"అదేలే. ఆ సముద్రం నీళ్ళు ఉప్పువా, మంచివా?"

"ఉప్పువి."

"మరి ఈ నది?"

"నది మంచినీళ్ళే."

గడ్డం మీద కత్తి ఉన్నప్పుడు మనిషితో వాదించకూడదు. పక్క కుర్చీలో ఆయన సగం నురగతోనే లేచొచ్చి నాకు చెయ్యి కలిపాడు. రంగు కలపడంలో నా అంతటివాడు లేడన్నాడు.

ఆ పేపరువాళ్ళని ఏం చేసినా పాపం లేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మధ్యాహ్నం పిట్ట డబ్బా పట్టుకుని కిందికి, నా రంగుల గదికి వచ్చింది. క్యాంటీన్లో గోల పడదు దానికి. స్టూలు తుడుచుకుని కూర్చుంది. మూత తియ్యలేదు.

"మావయ్యా, ఆ గీత ఏంటి?"

"ఏ గీత?"

"నేల మధ్యలోంచి వంకర తిరుగుతూ వచ్చి సముద్రంలో కలుస్తోందే, ఆ గీత."

"అది నీడ."

"నీడలు పోయి సముద్రంలో కలుస్తాయా?"

"చిన్నప్పుడు నేనేం చెప్పినా నమ్మేదానివి."

"అందుకే ఆరో క్లాసులో లెక్కలు తప్పాను." నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "నేను నిన్నేం అడిగాను? ఏమీ పెట్టొద్దు, వట్టి గుండ్రం వేసి వదిలెయ్యమన్నాను."

"డైరెక్టరు గారు నీలం కావాలన్నారు."

"ఆ నక్షత్రం ఎరుపు. ఆ వెలుగులో సముద్రం ఉన్నా నువ్వేసినంత నీలంగా ఉండదు. సరే, నీలం ఆయనడిగాడు. నది ఎవరడిగారు?"

నది ఎవరడిగారట. లారీల వెనక బొమ్మలు వేసే రోజుల్లో గుర్రం వెయ్యమని నన్నెవడడిగాడు? అయినా వేశాను. ఓనరు మురిసిపోయాడు. అంత నేల బోసిగా పడుంటే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. ఒక్క గీత. అదీ సన్న కుంచెతో. ఇంత చదువుకున్న పిల్లకి ఒక గీతని గీతలా చూడ్డం రాకపోతే నేనేం చెయ్యను?

ఫిబ్రవరి 7, శనివారం

మూల కోసింది నేను కాదు.

ఫిబ్రవరి 12, గురువారం

నిన్న సాయంత్రం టీవీలో మా డైరెక్టరు గారు. సూటు, టై, వెనక నా బొమ్మ, చేతిలో బెత్తం. బెత్తం తిరిగి తిరిగి వచ్చి నా గీత మీద ఆగింది.

"ఇదిగో, ఇలాంటి చోట ఒక నది ప్రవహించే అవకాశాన్ని మనం కొట్టిపారెయ్యలేం."

నేను గ్లాసు కింద పెట్టాను. మా ఆవిడ కళ్ళు చిట్లించి చూసి, "అది మీ ఊరి వాగు కదూ? రేవు దగ్గర వంపు అచ్చం అంతే," అంది. నాకైతే అలాంటిదేం గుర్తులేదు.

పొద్దున్నే ప్రచార విభాగానికి వెళ్ళాను. అక్కడో కుర్రాఫీసరు ఉన్నాడు. మూతి మీద మీసం రాకముందే ప్రపంచం మొత్తానికి వార్తలు పంపడం వచ్చేసింది.

"మూల ఎవరు కోశారు?"

"మేమే అంకుల్. ఫ్రేములో పట్టలేదు."

"అంత ఆకాశం పట్టింది, ఒక్క మాట పట్టలేదా?"

"ఊహ అని రాస్తే ఎవరూ షేర్ చెయ్యరంకుల్."

తిన్నగా డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేవలేదు.

"ఆ నది ఉంది చూశారూ, బొమ్మకి ప్రాణం పోసింది," అన్నారు.

"అదే సార్, ఆ నది..."

"మీ మేనకోడలు దగ్గరుండి చెప్పి వేయించి ఉంటుంది. శాస్త్రవేత్తా, ఆర్టిస్టూ ఒకే ఇంట్లో ఉండటం మా అదృష్టం."

అప్పుడే చెప్పేసేవాణ్ణి. ఆయనకి ఫోను వచ్చింది.

అసలు ఆయనకేం హక్కుంది? ఒక మాట పిట్టని అడగొద్దా? మేనమామ వేశాడంటే మేనకోడలు చెప్పిందేనని ఆయనే తేల్చేసుకున్నాడు. బంధుత్వాన్ని కూడా పరిశోధనలో కలిపేస్తే ఎలా? రోజంతా ఒళ్ళు మండిపోయింది. ఎవరో తలుపు మీద పేరు రాయమని వస్తే రేపు రమ్మన్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇంకో దేశంలో ఇదే పని చేసే బృందం ఒకటుంది. వాళ్ళు పిట్టకి రాశారట, ఎంతో మర్యాదగా: 'మీరు చూసిన నది ఏ పరికరంతో కనబడిందో తెలిపితే మేమూ కొనుక్కుంటాం.' అది కమిటీకి కూడా పంపారు.

కమిటీ అంటే, చాలా దేశాలు కలిసి కట్టుకున్న పెద్ద టెలిస్కోపు ఒకటుంది. అది ఎవరికి ఎన్ని రోజులివ్వాలో తేల్చేవాళ్ళు. పిట్ట దానికి అర్జీ పెట్టుకుంది. ఆ గ్రహం చుట్టూ గాలి ఉందా లేదా అన్నది ఆ టెలిస్కోపు తప్ప మరొకటి చెప్పలేదు. గాలి ఉంటేనే మిగతా సంగతులు మాట్లాడుకోవచ్చు. లేకపోతే అదొక బండరాయి. వచ్చే నెల ఐదో తేదీన కమిటీ మా సంస్థకి వస్తోంది.

పిట్ట డబ్బా లేకుండా కిందికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"పైన నన్ను నదమ్మ అంటున్నారు, తెలుసా?"

"ఎవడా అన్నది? పేరు చెప్పు."

"పేరు తెలుసుకుని ఏం చేస్తావు, తలుపు మీద రాస్తావా?"

కుంచె తీసి కడగడం మొదలుపెట్టాను.

"టెలిస్కోపు ఇవ్వకపోతే పోనీ. గాలి సంగతి ఇంకెవరైనా చూస్తారు. కానీ నేను చూసిన తగ్గుదల ఉందే, అది నిజంగా ఉంది మావయ్యా. అర్ధరాత్రి లేచి మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. ఇప్పుడది కూడా నీ గీత లాంటిదే అనుకుంటారు."

వెళ్ళిపోయింది.

ఆ బృందంవాళ్ళకి సొంత నక్షత్రాలు లేవా? ఊళ్ళోవాళ్ళ గ్రహాల మీద పడి ఏడవడం ఏం చదువు? ఎంత మర్యాదగా రాశారో అంత కుళ్ళు.

ఫిబ్రవరి 18, బుధవారం

ఒక్కడినే తిన్నాను. కూరలో ఉప్పెక్కువైంది. ఇంటికెళ్ళి కేకలేశాను. ఉప్పు మామూలుగానే వేశానంది మా ఆవిడ.

ఫిబ్రవరి 24, మంగళవారం

డైరెక్టరు గారు పిలిపించారు. కమిటీ వచ్చేనాటికి హాల్లో గోడంత బోర్డు కావాలట. అదే బొమ్మ.

"నది కొంచెం వెడల్పు చెయ్యండి. వెనక కుర్చీల్లోకి కూడా కనబడాలి."

"సార్, ఆ నది సంగతి ఒకటి..."

"మూలలో రాతలేం వద్దు. అక్కడ మన సంస్థ గుర్తు వస్తుంది."

మనిషిని మాట పూర్తి చెయ్యనివ్వరు. పైవాళ్ళందరికీ ఇదే రోగం. కిందికొచ్చి ప్లైవుడ్డు మీద తెల్ల ప్రైమరు కొడుతూ మనసులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఆ కోపంలోనే ఆకాశం అయిపోయింది. సముద్రం అయిపోయింది. నది కూడా వేశాను, ఉద్యోగం కాబట్టి.

ఇంటికొచ్చి ఫోన్లో మా ఆవిడకి చూపించాను, ఎంత అన్యాయం చేయిస్తున్నారో చూడమని.

"అంత కోపంగా ఉంటే వెయ్యనని చెప్పొచ్చుగా," అంది.

"ఉద్యోగం."

"ఆయన మీద కోపంతోనే వేశారా నది?"

"మరి?"

"ఒడ్డున ఇసుక తిన్నెలు కూడా ఉన్నాయి. అవి ఎవరి మీద కోపంతో?"

ఫోను లాక్కున్నాను. తిన్నెలు బాగా కుదిరాయి. అది వేరే సంగతి.

మార్చి 2, సోమవారం

మెట్ల మీద పిట్ట ఎదురైంది. "బాగున్నారా," అంది.

నన్ను. బాగున్నారా అని. నా భుజాల మీద ఊరంతా తిరిగిన పిల్ల. 'గారు' ఒక్కటే తక్కువ. చెమ్చాతో పెట్టినట్టు కొలిచి పెట్టింది మర్యాద. ఇంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ అదేదో మామూలే అన్నట్టు ఊరుకుంది.

మార్చి 5, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాల్లో బోర్డుకి తెర వేసి, దాని పక్కన స్టూలు మీద నన్ను కూర్చోబెట్టారు. డైరెక్టరు గారు చెయ్యి ఊపగానే తెర లాగడం నా పని. ఫ్రేము అంచుకి రంగు రేగితే సరిచెయ్యడానికి నా రంగుల డబ్బా కూడా కాళ్ళ దగ్గరే ఉంది. కమిటీ ముందు వరసలో. వాళ్ళకి పెద్ద ఒక ముసలావిడ, కళ్ళజోడు మీదనుంచి చూసే రకం. పిట్ట రెండో వరస చివర కూర్చుంది. ఒళ్ళో ఒకే ఒక్క కాగితం. దాని మీద చుక్కలు బారుగా వెళ్ళి, మధ్యలో చిన్న గుంటలోకి దిగి, మళ్ళీ పైకెక్కి బారుగా పోతాయి. దాని పరిశోధన మొత్తం ఆ గుంట.

తెర లాగాను. డైరెక్టరు గారు బెత్తం ఎత్తారు. భూమి అన్నారు, ఆశ అన్నారు, రేపటి పిల్లలు అన్నారు. బెత్తం నది దగ్గరకి వచ్చేసరికి ముసలావిడ చెయ్యెత్తింది.

"దాని గురించే మాకు ఉత్తరం వచ్చింది. ఆ నది ఎవరు చూశారు?"

బెత్తం నది మీదనుంచి లేచి, హాలంతా దాటి, పిట్ట మీద ఆగింది. "మా యువ శాస్త్రవేత్త ఆధ్వర్యంలోనే ఈ చిత్రం తయారైంది," అన్నారు.

పిట్ట లేచింది. అందరూ అటు తిరిగారు. మా మావయ్య వేశాడండీ అంటే అక్కడితో తెగిపోయేది. మూడు మాటలు. నావైపు ఒకసారి చూసింది. కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుంది, చిన్నప్పుడు ఇంట్లో గ్లాసు నేను పగలగొడితే వాళ్ళమ్మ ముందు నిలబడినట్టే. చెప్పలేదు.

నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆ క్షణంలో తేలలేదు. డబ్బా మూత తీశాను. చేతికి నలుపు దొరికింది. స్టూలు జరుపుకుని ఎక్కాను. నది మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గట్టిగా ఒక గీత లాగాను. దాని కింద స్తంభాలు.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నారు డైరెక్టరు గారు.

"వంతెన వేస్తున్నానండి."

"వంతెనా?"

"మీరు వెడల్పు చెయ్యమన్నారు, చేశాను. ఇంత నది ఉంటే అవతలివాళ్ళు ఇవతలికి ఎలా వస్తారు, పాపం?" స్తంభాలు అయిపోయాయి. చెయ్యి ఊరుకోలేదు. వంతెన మీద ఒక సైకిలు వేశాను. సైకిలుకి వెనక క్యారియరు.

తర్వాత ముసలావిడ భుజాలు కదిలాయి. దగ్గొచ్చిందనుకున్నాను. నవ్వు.

"మీరెవరు?" అంది.

"బొమ్మలు వేసేవాణ్ణండి. సముద్రం వీరి ఆర్డరు. నది నా ఇష్టం. ఇసుక తిన్నెలు కూడా. ఆ అమ్మాయి వట్టి గుండ్రం వేసి వదిలెయ్యమంది, నేనే వినలేదు. ఆవిడ చూసింది ఈ బోర్డు మీద ఎక్కడా లేదండి. ఆ కాగితం మీదుంది."

"అయితే ఆ కాగితం చూద్దాం," అంది ముసలావిడ.

కుర్చీలు అటు తిప్పుకున్నారు. పిట్ట గుంట చూపించింది. లావు చెప్పింది, దూరం చెప్పింది, ఎంత వేడి తగులుతుందో చెప్పింది. ఆపైన వాళ్ళేం అడిగినా ఒకటే జవాబు. నీళ్ళు? తెలియదు. గాలి? తెలియదు. మేఘాలు? తెలియదు, అందుకే టెలిస్కోపు అడుగుతున్నాను. అంత చదువుకున్న పిల్ల అందరి ముందూ అన్నిసార్లు తెలియదంటుంటే నాకు ప్రాణం గిలగిల్లాడింది. ముసలావిడ మాత్రం అన్నప్పుడల్లా ఏదో రాసుకుంది.

మార్చి 6, శుక్రవారం

సైకిలు తడి ఆరకముందే మెమో వచ్చింది. సభలో అనుచిత ప్రవర్తన అట. నది అనుచితం కాదు, వంతెన అనుచితం. ఈ సంస్థలో లేనిదాన్ని చూపిస్తే లేచి నిలబడతారు, దాని మీద సైకిలు తొక్కితే మెమో ఇస్తారు.

కుర్రాఫీసరు తలుపులోంచి తల పెట్టి, "వంతెన వీడియో బాగా షేర్ అవుతోందంకుల్," అన్నాడు. కుంచె విసిరాను. తగల్లేదు.

సాయంత్రం పిట్ట వచ్చింది. మెచ్చుకుంటుందని నేను స్టూలు తుడిచి పెట్టాను. కూర్చోలేదు.

"అందరి ముందూ అంత నాటకం అక్కర్లేదు. ముందే నా దగ్గరకొచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది."

"చెబుదామనే వెళ్ళానమ్మా. డైరెక్టరు గారికి ఫోను వచ్చింది."

"నాకు రాలేదుగా ఫోను."

దానికి జవాబు ఇంకా దొరకలేదు.

మార్చి 7, శనివారం

దొరకలేదు.

మార్చి 19, గురువారం

టెలిస్కోపు ఇచ్చారు. అడిగినన్ని రోజులు కాదు, అందులో సగం కూడా లేదు. ముష్టి వేసినట్టు. అంత పెద్ద దుర్భిణి పెట్టుకుని ఇంత చిన్న మనసేమిటి ఆ కమిటీకి? ఇదే మాట పిట్టతో అన్నాను. చాలు మావయ్యా, చాలు, ఉందో లేదో అంతలో తేలుతుంది అంది. డబ్బా తెచ్చుకుంది. మూత తీసింది. నా కూర కొంచెం వేసుకుని, ఉప్పు సరిపోయిందే అంది.

కమిటీ ఒక షరతు పెట్టిందట. బయటికి వెళ్ళే బొమ్మలో తెలిసినదే ఉండాలి. డైరెక్టరు గారు నాతో మాట్లాడటం మానేశారు కాబట్టి పని పిట్ట చెప్పింది.

"నక్షత్రం ఎర్రగా వెయ్యి. పక్కన గ్రహం, నేనిచ్చిన కొలతకి."

"గ్రహం ఏ రంగు?"

"తెలియదు."

"తెలియదు అంటే, బూడిదా? మట్టిరంగా?"

"తెలియదంటే తెలియదు మావయ్యా. ప్రైమరు కొట్టి వదిలెయ్యి."

పొద్దంతా ఎరుపు వేశాను, చుట్టూ నలుపు వేశాను. మధ్యలో ఆ తెల్లటి గుండ్రం నన్నే చూస్తూ కూర్చుంది. ఒక మబ్బు తునక. ఒకే ఒక్కటి. కుంచె రెండుసార్లు అక్కడిదాకా వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి తెచ్చి కడిగాను. ఏ పనైనా చెయ్యకుండా ఉండటానికి ఇంత కష్టం ఎప్పుడూ పడలేదు నేను.

చివర్లో మూలలో రాయబోతే పిట్ట ఆపింది.

"ఇందులో ఊహ ఏముంది?"

"ఖాళీ ఉందిగా. చూసేవాళ్ళు ఊరుకోరు," అన్నాను.

రాయనిచ్చింది. ఈసారి అక్షరాలు మూలలో కాదు, గుండ్రానికి ఆనించి రాశాను. కొయ్యమను చూద్దాం.

మార్చి 22, ఆదివారం

సెలూన్‌లో పాత బొమ్మ ఇంకా అద్దం పక్కనే ఉంది, నదితో సహా. పేపర్లో వచ్చిన కొత్తదాన్ని దాని పక్కన అంటించాడు. కొత్తదాంట్లో మూల ఉంది. గుండ్రం ఉంది. మాట ఉంది.

"పాతదే బాగుందన్నా," అన్నాడు, నురగ పూస్తూ. "ఇదేంటి, మధ్యలో తెల్లగా వదిలేశావు? రంగు అయిపోయిందా?"

"అక్కడేముందో ఇంకా తెలియదు."

"మరి మొన్న సముద్రం ఉప్పదని చెప్పావు. నది మంచినీళ్ళని చెప్పావు."

పక్క కుర్చీలో ఆయన మెడ ఇటు తిప్పాడు. సెలూన్ అతను కత్తి నూరి నా కంఠం మీద ఆనించాడు.

గడ్డం మీద కత్తి ఉంది. అయినా చెప్పాను.